ఇంగ్లీషు భద్రయ్య చెక్కిన తెలుగు రాయి

సికింద్రాబాదు కంటోన్మెంటు చుట్టుపక్కల రాతిపని చేసేవాళ్లలో భద్రయ్యలు ముగ్గురుండేవారు. ఒకాయన రోళ్లు, తిరగళ్లు చెక్కేవాడు. ఒకాయన ఇళ్లకు గడపలు, మెట్లు చేసేవాడు. మూడో ఆయన్ని ఇంగ్లీషు భద్రయ్య అనేవారు. దొరల సమాధుల మీద ఇంగ్లీషు అక్షరాలు చెక్కేది ఆయనే. బన్సీలాల్‌పేటకు వచ్చి ఇంగ్లీషు భద్రయ్య ఇల్లెక్కడ అంటే ఎవరైనా చూపించేవారు.

ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆ మాటకొస్తే తెలుగు చదవడమూ రాదు. వేలిముద్ర మనిషి. ఈ సంగతి భార్య పుష్పమ్మకు తెలుసు, మేబెల్ దొరసానికి తెలుసు. మూడో మనిషికి తెలియకుండా ముప్పై ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చాడు.

మేబెల్ అంటే ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు భార్య. ఆమె చేతిరాత చూస్తే అచ్చు వేసినట్టుండేది. చనిపోయినవాళ్ల తాలూకు మనుషులు రాసిచ్చిన కాగితం ముందు ఆమె దగ్గరికి వెళ్లేది. ఆమె వచ్చి, నున్నగా తీసిన బండ మీద సన్న కుంచెతో అక్షరాలు దించేది. ఆ గీతల మీద భద్రయ్య ఉలి నడిపేవాడు. చదువు ఆమెది, చెయ్యి ఆయనది. ఆ చెయ్యి మాత్రం మామూలు చెయ్యి కాదు. అక్షరం అంచు కత్తితో కోసినట్టు వచ్చేది. వాననీళ్లు నిలవకుండా లోపలి లోతు వాలుగా తీసేవాడు. గోరీల తోటలో ఆయన కుర్రతనంలో చెక్కిన రాళ్లు కూడా నాచు పట్టకుండా నిన్న మొన్న చెక్కినట్టు కనిపించేవి.

గోరీల తోట అని జనం పిలిచేది కంటోన్మెంటు దొరల శ్మశానాన్నే. పేరుకు శ్మశానం గానీ అంత చల్లని చోటు చుట్టుపక్కల లేదు. ఎర్ర మొరం పోసిన దారులు, దారుల వెంట నిద్రగన్నేరు చెట్లు, నడుమ ఆకాశమల్లె చెట్లు. వానలు వెనకపట్టాక ఆ పూలు రాలి తెల్లరాళ్లూ పచ్చగడ్డీ ఒకటైపోయేవి. ఆదివారం సాయంత్రాలు దొరలు, దొరసానులు పిల్లల్ని వెంటేసుకుని అక్కడ షికారు చేసేవాళ్లు. ఆ రాళ్ల మధ్య నడుస్తూ పేర్లు చదువుకునేవాళ్లు. భద్రయ్య ఏ చెట్టు కిందనో నిలబడి, వాళ్లు తన రాయి దగ్గర ఆగుతారా, దాటిపోతారా అని చూసేవాడు. ఆగితే ఆ రాత్రి పుష్పమ్మకు చెప్పేవాడు.

ఒక్క రాయి వైపు మాత్రం వెళ్లేవాడు కాదు. మేబెల్ పుట్టింటికి పోయిన వారంలో ఒక కెప్టెను పోయాడు. తొందర పెట్టారు. ఎవరో గుమాస్తా గబగబా గీసిచ్చిన కాగితం చూసి భద్రయ్య అలాగే దించేశాడు. కాగితంలో ఒక అక్షరం తిరగబడి ఉంది. నిలువుగీతల నడుమ ఏటవాలుగా దిగాల్సిన గీత అటుది ఇటుగా పడింది. రాయి నిలబెట్టిన రోజు ఒక దొర దాన్ని చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో భద్రయ్యకు అర్థం కాలేదు. మేబెల్ వచ్చాక వేలితో చూపించి చెప్పింది. చెక్కిన రాయి, ఇక చేసేదేముంది. ఆనాటి నుంచి ఆ దారి పక్కనుంచి పోవాల్సి వస్తే మొహం తిప్పుకునేవాడు.

నలభై ఏడులో దొరల పటాలాలు వెళ్లిపోవడం మొదలైంది. ఆ ఏడాది చివర్లో మేబెల్ కుటుంబం కూడా ఓడెక్కింది. పోయేముందు ఆమె బన్సీలాల్‌పేటకు వచ్చి పుష్పమ్మ పెట్టిన చాయ్ తాగి, భద్రయ్యతో, "ఇంకెవరి చేతా రాయించకు. నీ చెయ్యి పాడైపోతుంది" అని వచ్చీరాని తెలుగులో చెప్పిపోయింది. రాయించుకోవడానికి వచ్చేవాళ్లే లేరు. ఇంగ్లీషు భద్రయ్య యాభై ఆరేళ్ల వయసులో రోళ్లు చెక్కుకుంటూ కూర్చున్నాడు.

మరుసటి ఏడు వానాకాలం సికింద్రాబాదు బిక్కుబిక్కుమంటూ గడిపింది. రజాకార్ల భయం ఒక పక్క. బయటినుంచి సరుకు రాక ఉప్పుకీ, కిరోసిన్‌కీ, మందులకీ కటకట ఇంకో పక్క. మోండా మార్కెట్లో సగం దుకాణాలు తలుపులు ఓరగా తెరిచి ఉంచేవి. అలాంటి రోజుల్లో మంత్రసాని కాంతమణి జ్వరంతో మంచాన పడింది.

సీతాఫల్‌మండి నుంచి బన్సీలాల్‌పేట దాకా కాంతమణిని ఎరగని ఇల్లు లేదు. మిషను ఆసుపత్రిలో పని నేర్చుకున్న మనిషి. చిన్నతనంలోనే భర్త పోతే, తమ్ముడి కూతురు సలోమిని పెంచి చదివించి టీచరును చేసింది. కులం, మతం, వేళాపాళా చూడకుండా పిలిచిన గడపకల్లా వెళ్లేది. పుష్పమ్మకు రెండో కాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. వాకిట్లో భద్రయ్య గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. రెండు పగళ్లూ ఒక రాత్రీ కాంతమణి పుష్పమ్మ పక్కనుంచి లేవలేదు. చివరికి తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ దక్కించి, బయటికొచ్చి, "లేవయ్యా, నీ బిడ్డకు నీ ముక్కే వచ్చింది, పాపం" అంది. ఆ మాట తలచుకుని పుష్పమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

అలాంటి మనిషి వానలో తడిసి ఎవరికో పురుడు పోసి వచ్చి పడుకుంది, మళ్లీ లేవలేదు. సరైన మందు దొరకలేదు. సెప్టెంబరు పదిహేను, బుధవారం తెల్లవారుతుండగా ప్రాణం పోయింది. ఇండియా మిలిటరీ నలుమూలల నుంచీ హైదరాబాదు మీదికి వస్తోందని, ఏ క్షణాన ఏమవుతుందో తెలియదని ఊరంతా తలుపులు బిగించుకున్న రోజు అది.

కబురు తెలిసి భద్రయ్య వెళ్లేసరికి సలోమి ఒక్కతే శవపెట్టె పక్కన కూర్చుని ఉంది. మోసేవాళ్లు లేరు. బయట జట్కా ఆగి ఉంది. దాన్ని తోలే లతీఫ్ గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు.

"గిసువంటి దినం బండి కట్టినవా, లతీఫ్ భాయ్?" అన్నాడు భద్రయ్య.

"నా నలుగురు పిల్లలు ఈమె చేతుల మీదనే పుట్టిన్రు. నేను రాకపోతె ఎవరొస్తరు? పట్టు, ఆ కొస నువ్వు పట్టు."

గోరీల తోట తాళాలు దేవానందం దగ్గర ఉండేవి. ఆయన సమాధుల కమిటీకి గుమాస్తా. వెనక గోడ వెంబడి తెలుగు క్రైస్తవులకని విడిచిన పల్లపు నేలలో మోకాలిలోతు నీళ్లున్నాయి. గోతులు తవ్వేవాళ్లు రాలేదు. దేవానందం గొడుగు పట్టుకుని కాసేపు ఆ నీళ్ల వైపు, కాసేపు సలోమి వైపు చూశాడు. తర్వాత గొడుగు మడిచి, ముందువైపు పెద్ద ఆకాశమల్లె చెట్టు దగ్గరికి నడిచాడు. చుట్టూ కర్నల్ల, మేజర్ల రాళ్లు. "ఇక్కడ తవ్వుదాం. అడిగేవాళ్లు అడిగినప్పుడు చూసుకుందాం" అన్నాడు. భద్రయ్య, లతీఫ్, దేవానందం ముగ్గురూ వంతులవారీగా తవ్వారు. సలోమి ప్రార్థన చదివింది. చుట్టాలూ, చర్చి పెద్దలూ, ఆమె పురుడు పోసిన వందలమందీ ఎవరూ రాలేకపోయారు. నలుగురే మన్నేశారు.

మూడు రోజులకు మిలిటరీ ఊళ్లోకి వచ్చింది. జనం వీధుల్లోకొచ్చి మూడు రంగుల జెండాలు పట్టుకుని దారి పొడుగునా నిలబడ్డారు. ఊపిరి పీల్చుకున్నాక ఒక్కొక్కరికే తెలిసింది, కాంతమణి లేదని. సీతాఫల్‌మండి ఆడవాళ్లు సలోమి ఇంటికి వరసగా వచ్చారు. అందరూ అడిగింది ఒకటే, "అమ్మను యాడ పెట్టిన్రు, బిడ్డా?"

నవంబరులో సమాధుల పండుగ అయిపోయిన వారం, సలోమి భద్రయ్య ఇంటికి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం కావడంతో మాట కాస్త వేరుగా ఉండేది. పుష్పమ్మ చాప వేసింది.

"భద్రయ్య గారూ, అత్తయ్యకు రాయి వేయిద్దామనుకుంటున్నాను. మీరే చెక్కాలి."

"నేను గాకపోతె ఎవరు చెక్కుతరమ్మా? మౌలాలి గుట్ట రాయి మంచిది తెప్పిస్త. ఇంగ్లీషుల ఏం రాయాల్నో ఎవరితోనన్న బండ మీద గీపిస్తె..."

"ఇంగ్లీషులో వద్దండీ. తెలుగులో."

భద్రయ్య చేతిలోని సుత్తె కింద పెట్టాడు. ఆ తోటలో తెలుగు రాయి ఒక్కటీ లేదు. పల్లంలో ఉన్న తెలుగువాళ్లకు కూడా కట్టె సిలువలు, స్థోమత ఉన్నవాళ్లకు ఇంగ్లీషు పలకలు. "తెలుగుల ఎవరు చదువుతరమ్మా? ఆమెను సూడ వచ్చేటోళ్లకు గది సుత రాదు గదా" అన్నాడు.

"వాళ్లకు రాదు. వాళ్ల పిల్లలకు వస్తుంది. అత్తయ్య పురుడు పోసిన ఆ పిల్లలకు నేనే బడిలో తెలుగు చెబుతున్నాను. ఇంగ్లీషులో రాస్తే వాళ్లలో ఒక్కరికీ అందదు."

"నా చెయ్యి ఇంగ్లీషుకు అలవాటు పడ్డదమ్మా. తెలుగు మెలికలు తిరుగుతది. ఇంకెవరినన్న..."

సలోమి మొహం చిన్నబోయింది. లేచి వెళ్లబోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పుష్పమ్మ మొగుడి వంక చూసింది. బిడ్డ అడ్డం తిరిగిన నాడు కాంతమణి ఇంకెవరినన్నా పిలుచుకోమని అనలేదని ఆ చూపులో ఉంది.

"కూసో టీచరమ్మా" అన్నాడు భద్రయ్య. "నీకు దాచేదేంది. నాకు చదువు రాదు. ఇంగ్లీషు రాదు, తెలుగు రాదు. దొరసాని గీస్తుండె, నేను గీత మీద చెక్కుతుంటి. ఇప్పుడు ఆమె లేదు. కాగితం సూసి దించితె తప్పు పోతదేమోనని భయం. ఒకపారి పోయింది."

సలోమి మళ్లీ కూర్చుంది. నవ్వలేదు, జాలీ పడలేదు. "అయితే నేర్చుకోండి" అంది.

"నాకు యాభై ఏడు పడ్డయి."

"మా రెండో తరగతిలో ఎవరికీ అంత మంచి చెయ్యి లేదండీ. మీకు సగం వచ్చేసినట్టే."

కమిటీ అనుమతి ఒకటి కావాలి. ఇద్దరూ కలిసి దేవానందం దగ్గరికి వెళ్లారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "టీచర్ గారూ, ముందు భాగంలో జాగా ఇచ్చినందుకే నేను మాట పడ్డాను. ఇప్పుడు తెలుగు రాయి అంటే కమిటీ ఏమంటుందో. మొదట్నుంచీ ఇక్కడ ఇంగ్లీషేనమ్మా. రూలు."

"ఆ రూలు ఒకసారి చూపిస్తారా?" అంది సలోమి.

దేవానందం బీరువాలోంచి తోలు అట్ట పాత పుస్తకం తీశాడు. వేలు పెట్టుకుంటూ చదివాడు. రాయి ఎత్తు మూడడుగులు దాటకూడదు. చుట్టూ ఇనుప కంచె వేయరాదు. విగ్రహాలు వద్దు. గడ్డి కోయించే బాధ్యత బంధువులది. పేజీ తిప్పాడు. వెనక్కి తిప్పాడు. భాష గురించి ఒక్క ముక్క లేదు. ఇక్కడ ఇంకో భాషలో రాయి లేస్తుందన్న ఊహే ఆ పుస్తకం రాసినవాళ్లకు వచ్చి ఉండదు.

"లేదు" అన్నాడాయన, తనకే నమ్మకం కుదరనట్టు. తర్వాత పుస్తకం మూసి, "లేనప్పుడు నేనెట్లా కాదంటాను. పెట్టిస్తాను సంతకాలు" అన్నాడు.

చదువు గోరీల తోటలోనే షురూ అయింది. బడి విడిచాక సలోమి వచ్చేది. ఆకాశమల్లె కింద బెంచీ మీద ఆమె, కింద షాబాదు బండ ముక్క ఒళ్లో పెట్టుకుని భద్రయ్య. అ, ఆలతో మొదలుపెట్టలేదు. కాంతమణి పేరుతో మొదలుపెట్టింది. ఆమె సుద్దతో రాస్తే ఆయన దాన్ని ఉలితో చెక్కేవాడు. రాసి నేర్చుకోవడం ఆయన వల్ల కాలేదు. సుద్దముక్క వేళ్ల మధ్య వణికేది. చెక్కితే గుర్తుండేది. ఏ అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో మణికట్టు గుర్తుపెట్టుకునేది.

"ఇదేందమ్మా, అన్నిటి నెత్తి మీద పిట్ట రెక్క లెక్క?"

"తలకట్టు అంటారు దాన్ని. దీర్ఘం వస్తే అది పోతుంది. చూడండి, ఇది క. ఇది కా."

"రెక్క పోయి జెండా వచ్చె" అన్నాడు భద్రయ్య. ఆ తర్వాత దీర్ఘాన్ని ఆయన ఎన్నడూ మరిచిపోలేదు.

వ, మ లతో వారం రోజులు తంటాలు పడ్డాడు. వ పక్కన చెయ్యి తగిలిస్తే మ అవుతుందని తెలిశాక దారిలోకి వచ్చాడు. ణ దగ్గర బండలు పగిలాయి. ఇంగ్లీషు అక్షరాల్లో నిలువుగీతలు, అడ్డగీతలు ఎక్కువ. గుండ్రం ఉన్నా పెద్ద గుండ్రం. తెలుగులో ప్రతి అక్షరంలోనూ మెలికే. మెలిక సన్నబడ్డ చోట రాయి పెచ్చులూడేది. వెడల్పు ఉలులన్నీ పక్కన పెట్టి, కొలిమికి పోయి సన్న మూతి ఉలులు నాలుగు కొత్తగా చేయించుకున్నాడు. గీత మీద నేరుగా కొట్టకుండా, వంపును చుక్కలు చుక్కలుగా పొడిచి, ఆ చుక్కల్ని కలుపుకుంటూ పోవడం తనంతట తానే కనిపెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ల పనితనం ఉన్నవాడు మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడి చెమటోడ్చడం పుష్పమ్మకు వింతగా ఉండేది. ఇంట్లో పప్పు రుబ్బే రోటి అంచు మీద ఒక పొద్దున 'త' కనిపించింది. ఇంకో పొద్దున మెట్టు మీద 'ని'.

క్రిస్మసుకు ముందు మొత్తం రాత ఒక పలక మీద చెక్కి చూశాడు. ఇంగ్లీషుకు తీసినట్టే ఎర్రజాజు పూసిన దారం కొట్టి వరుసలు తీశాడు. తీరా చూస్తే మంత్రసానిలో 'త్ర' కింద సున్నం గిన్నెలా వేలాడే వత్తు, కింది వరుసలోని అక్షరాల నెత్తిన కూర్చుంది. గుడులూ వత్తులూ ఢీకొని ఏ వరుస ఏదో తెలియకుండా పోయింది. భద్రయ్య ఆ పలకను తిప్పి బోర్లించి రెండు రోజులు ముట్టలేదు. మూడో రోజు పొద్దున్నే పోయి సలోమితో చెప్పాడు. "ఇంగ్లీషు మనుషులు సాపుగ నిలబడ్డ మనుషులమ్మా. తెలుగోళ్లు నెత్తి మీద గంప, కాళ్లకాడ పిల్లలు. జాగా జాస్తి గావాలె." వరుసకూ వరుసకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం పెట్టి మళ్లీ చెక్కాడు. ఈసారి సలోమి చదువుతూ ఎక్కడా ఆగలేదు.

క్రిస్మసు సెలవులకు ఆమె గుంటూరు చుట్టాలింటికి వెళ్లింది. అప్పుడే కమిటీ అనుమతి వచ్చింది. రాయి మీద రావాల్సిన మాటల్ని దేవానందం తన చేత్తో ఎత్తిరాసి, కింద సంతకాలు చేయించి, సీలు వేసి పంపాడు. దీని ప్రకారం అక్షరం మారకుండా చెక్కమని కబురు.

మౌలాలి రాయి అప్పటికే నునుపు పెట్టి వాకిట్లో నిలబెట్టి ఉంది. భద్రయ్య కాగితాన్ని వెలుగులో పెట్టుకుని కూర్చున్నాడు. వెనకటి రోజులైతే ఎట్లా ఉంటే అట్లా దించేవాడే. ఇప్పుడు వేలు పెట్టి ఒక్కొక్కటే పలికాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. మళ్లీ పలికాడు. లోపలికి వెళ్లి తలుపు వెనక ఆనించిన, సలోమి చదివి బాగుందన్న పలక తెచ్చి పక్కన పెట్టి చూశాడు. చొక్కా వేసుకుని, కాగితం మడిచి, దేవానందం ఆఫీసుకు నడిచాడు.

"సారు, జెర ఇది చదవున్రి."

దేవానందం తల ఎత్తకుండా, "కాంతమణి, మంత్రసాని..." అన్నాడు.

"మీకు తెలిసింది చదువుతున్నరు సారు. కాయితం మీద ఉన్నది చదవున్రి."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. క మీద తలకట్టు ఉంది, దీర్ఘం లేదు. "కంతమణి" అన్నాడు నెమ్మదిగా. చెవుల దాకా ఎర్రబడ్డాడు. అక్షరం మారకుండా చెక్కి ఉంటే, ఆ మహాతల్లి పేరు కంతగా రాతిలో నిలిచిపోయేది.

"ఇస్కూలు విడిచాక తెలుగు రాసిందెక్కడయ్యా. అంతా ఇంగ్లీషు ఉత్తరాలే. టీచరు ఊళ్లో లేదు కదా. ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

"నేనే పట్టుకున్న."

"అవునులే. ఇంగ్లీషే వచ్చినవాడివి, నీకు తెలుగో లెక్కా?"

భద్రయ్యకు ఊరుకుంటే సరిపోయేది. ముప్పై ఎనిమిదేళ్లు ఊరుకున్నాడు. ఆ రోజు ఊరుకోబుద్ధి కాలేదు.

"ఇంగ్లీషు రాదు సారు" అన్నాడు. "తెలుగు వస్తది."

దేవానందం కాసేపు ఆయన వంకే చూశాడు. తోటలోని రాళ్లన్నీ ఆయన కళ్ల ముందు తిరిగి ఉండాలి. కలం తీసి దీర్ఘం దిద్ది, పక్కన సంతకం చేసి, లేచి నిలబడి కాగితం రెండు చేతులా అందించాడు. ఆ ఆఫీసులో భద్రయ్యకు ఎవరైనా లేచి కాగితం ఇవ్వడం అదే మొదలు.

రాయి పూర్తి కావడానికి మూడు నెలలు పట్టింది. ఈస్టరు తెల్లవారుజామున క్రైస్తవ కుటుంబాలు సమాధుల దగ్గరికి వచ్చే ఆనవాయితీ ఉంది. ఆ వేళకు రాయి నిలబడింది. సలోమి కబురు పంపిందో, పుష్పమ్మ నోటినుంచి పాకిందో, ఆ ఏడు చర్చి జనంతోపాటు సీతాఫల్‌మండి ఆడవాళ్లు చంకల్లో పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. లతీఫ్ పెళ్లాం పిల్లలతో వచ్చాడు. బన్సీలాల్‌పేట వాళ్లు వచ్చారు. ఆ తోట గేటు ఎన్నడూ దాటనివాళ్లు, ఎర్ర మొరం దారుల వెంట, చెప్పులు చేత పట్టుకుని, దేవుడి గుడిలోకి వచ్చినట్టు మెల్లగా నడిచారు. దేవానందం గేటు రెండు రెక్కలూ బార్లా తీయించాడు. సెప్టెంబరులో నలుగురే మన్నేసిన చోట ఇప్పుడు కాలు పెట్టే సందు లేదు.

వెలుతురు వచ్చేసరికి బూడిదరంగు రాయి మీద అక్షరాలు తేలాయి. ఒక ముసలావిడ ముందుకొచ్చి రాతిని తడిమింది. "ఏం రాసిన్రు, కొడుకా?" అని పక్కనున్న మనిషిని అడిగింది. ఆ పక్కనున్న మనిషి భద్రయ్య.

సలోమి దగ్గర్లోనే ఉంది. నోరు విప్పబోయి ఆగిపోయింది.

భద్రయ్య తలపాగా సర్దుకున్నాడు. వేలు పెట్టలేదు. నిటారుగా నిలబడి, అందరికీ వినబడేట్టు చదివాడు.

"కాంతమణి. మంత్రసాని. ముప్పై యేండ్లు మన బస్తీల బిడ్డలకు తొలి చెయ్యి అందించినది."

చదివి ఆగాడు. వెనక ఎవరో, "ఇంకోపారి చదువు, భద్రయ్యా" అన్నారు. మళ్లీ చదివాడు. అప్పుడే వచ్చినవాళ్ల కోసం మూడోసారి చదివాడు. పుష్పమ్మ జనంలో నిలబడి, తన పక్కనున్న ఆవిడతో, "మా ఆయనే చెక్కిండు" అంది. ఒక క్షణం ఆగి, "చదివేది సుత మా ఆయనే" అని చేర్చింది. ఇన్నేళ్ల కాపురంలో మొగుణ్ని పదిమందిలో పొగడడం ఆమెకు అదే మొదలు. చెంగుతో మొహం తుడుచుకుంది గానీ అది చెమటే అని ఇంటికెళ్లాక గట్టిగా వాదించింది.

ఆ తర్వాత భద్రయ్యకు మళ్లీ రోళ్లు చెక్కే అవసరం రాలేదు. మొదట, వెనక పల్లంలోని కట్టె సిలువల చోట ఒకటీ రెండూ తెలుగు రాళ్లు లేచాయి. తర్వాత ముందు భాగంలోనూ లేచాయి. మోండా మార్కెట్ వైపు పోయినప్పుడు, కొత్తగా వెలుస్తున్న తెలుగు బోర్డుల ముందు ఆగి ఆయన పైకి చదివేవాడు. తప్పు కనిపిస్తే దుకాణంలోకి వెళ్లి చెప్పివచ్చేవాడు. ఈ మనిషితో బజారుకు పోతే పొద్దుగూకుతుందని పుష్పమ్మ విసుక్కునేది. విసుక్కుంటూనే ఆయన ఆగిన ప్రతి చోటా తానూ ఆగేది.

యాభై రెండులోనో మూడులోనో ఒక ఆదివారం ఇద్దరూ తోటలో షికారుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. రైల్వేలో పింఛను తీసుకున్న ప్రభుదాస్ అనే పెద్దాయన వాళ్లను వెతుక్కుంటూ వచ్చాడు. భార్య పోయి నెల అయిందట.

"రాయి చెక్కాలె, భద్రయ్యా. తెలుగులనే. గాని ఏం రాయాల్నో నాకు సమజైతలేదు. సలోమి టీచర్ని అడిగితె, మాటలు సుత నువ్వే మంచిగ చెప్తవన్నది."

భద్రయ్య జరిగి ఆయనకు చోటిచ్చాడు. జేబులోంచి బలపం ముక్క తీశాడు. బెంచీ పక్కన పడి ఉన్న షాబాదు పెచ్చు ఒకటి ఒళ్లోకి తీసుకుని, అరచేత్తో దుమ్ము తుడిచాడు.

"పేరు?"

"ప్రేమమణి."

రాశాడు. చెయ్యి వణకలేదు. ప కింద వత్తు దగ్గర ఒత్తి పట్టి, గుండ్రంగా తిప్పి వదిలాడు.

"ఆమె ఎట్లుంటుండెనో చెప్పు" అన్నాడు. "తొందరేం లేదు. మొదట్నుంచి చెప్పు."

ప్రభుదాస్ చెప్పడం మొదలుపెట్టాడు.